మేస్త్రి లేకుండా లేచిన గోడ

పోయిన వారం నన్ను నేను సార్ గది గుమ్మం దగ్గర ఊదా రంగు చేతులతో నిలబెట్టి వదిలేశాను. అప్పట్నుంచి అక్కడే నిలబడి ఉన్నాను. మీరందరూ వారం రోజులు హాయిగా మీ మీ పనులు చూసుకున్నారు, నాకు కాళ్ళు పీకుతున్నాయి.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి లోపలికి వెళతాను. ఆరేళ్ళుగా నేను బ్యాక్టీరియాతో కాపురం చేస్తున్నాను. మూత్రం పోవడానికి రోగులకు పెట్టే గొట్టాల మీద పెరిగే రకం. విడివిడిగా ఉన్నంతసేపూ అవి మందుకు లొంగుతాయి. గొట్టానికి అతుక్కుని ఒక గుంపు తయారైందంటే చుట్టూ జిగట గోడ కట్టేసుకుంటాయి. దాన్నే బయోఫిల్మ్ అంటారు. గోడ లోపల చాలావరకు తినడం, పెరగడం మానేసి పడుకుంటాయి. యాంటీబయాటిక్ చురుగ్గా పెరిగేవాటినే పట్టుకుంటుంది, పడుకున్నవాటి జోలికి పెద్దగా పోదు. పనిచేసేవాళ్ళకే చీవాట్లు పడే ఆఫీసులో నిద్రపోయేవాడు క్షేమంగా రిటైరైపోతాడు చూడండి, అదీ సంగతి. మందు ఆపగానే లేచి మళ్ళీ జ్వరం తెప్పిస్తాయి. అవి మందును గెలవడమేమీ నేర్చుకోలేదు, అది వెళ్ళిపోయేదాకా ఓర్చుకున్నాయి.

ఆ గోడ కట్టండర్రా అని హుకుం జారీచేసే జన్యువు ఒకటుంది. దానికి మేం మేస్త్రి అని పేరు పెట్టుకున్నాం. ఆ మేస్త్రిని బ్యాక్టీరియాలోంచి కత్తిరించి తీసేశాను. మేస్త్రి లేకపోతే గోడ లేదు, గోడ లేకపోతే మందుకు చస్తాయి. ఇంతే నా థీసిస్. రేపు గురువారం సెమినార్. బయటినుంచి ఒక పరీక్షకురాలు వస్తారు. ఆవిడ తల ఊపితే నాకు డాక్టరేట్. ఊపకపోతే ఆరేళ్ళూ నీళ్ళపాలు, ఎందుకంటే మా సంస్థ నిబంధనల్లో ఏడో ఏడనేది లేదు.

ఇంతలో గోడ లేచింది. మేస్త్రి లేకుండా.

మా పరీక్ష సులువైనదే. తొంభై ఆరు చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు తీసుకుని, పై నాలుగు వరుసల్లో మేస్త్రి ఉన్న బ్యాక్టీరియా, కింది నాలుగు వరుసల్లో మేస్త్రి లేనిది పోస్తాం. ఒక రోజు ఇంక్యుబేటర్‌లో, అంటే ముప్పై ఏడు డిగ్రీల వెచ్చటి అల్మరాలో పెట్టి, తీసి కడిగి ఊదా రంగు పోస్తాం. గోడ ఉన్న గుంటలో రంగు నిలబడుతుంది, లేనిచోట కడుక్కుపోతుంది. రెండేళ్ళు పై వరుసలు ఊదాగా, కింది వరుసలు తెల్లగా, చక్కగా వచ్చాయి. ఈ పది రోజుల్లో పెట్టిన మూడు ప్లేట్లలోనూ కింది వరుసలు కూడా ఊదాగా తేలాయి. మూడోదాన్ని పట్టుకునే నేను ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డది.

"ట్యూబులు కలిపేశావ్ అమ్మాయ్," అన్నారు సార్, తల ఎత్తకుండానే.

సార్ అంటే నా రీసెర్చ్ గైడ్. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. ఆయన మెల్లగా మాట్లాడితేనే మా కాళ్ళూ చేతులూ ఆడవు. బల్ల కింద ఆయన పాదాలు ఎప్పటిలా రబ్బరు చెప్పుల్లో ఉన్నాయి. వానలు మొదలైన దగ్గర్నుంచి ఆయన స్కూటర్ మీద తడిసి రావడం, గదిలోకి రాగానే బూట్లు విప్పి చెప్పులు వేసుకోవడం మామూలే. పాదాలు చల్లబడితే దగ్గు పట్టుకుంటుందని ఆయన భయం.

"కలపలేదు సార్. మూడుసార్లు చూశాను. కింది వరుసల్లో మేస్త్రి జన్యువు లేదు. ఆనవాలు కూడా లేదు."

"మరి మేస్త్రి లేకుండా గోడ ఎవరు కట్టారు, దయ్యాలా?"

"అదే నాకూ అర్థం కావడంలేదు."

"రేపు ఆవిడతో కూడా ఇలాగే చెప్తావా? ఆవిడ గురించి విన్నావుగా."

విన్నాను. విననివాళ్ళు లేరు. ఆవిడకు స్కాలర్లు పెట్టిన పేరు ఎందుకమ్మ. ఎంత పెద్ద ఉపన్యాసం ఇచ్చినా చివర్లో ఒక్క మాటే అడుగుతారట, ఎందుకు అని. జవాబు చెప్తే దానికి మళ్ళీ ఎందుకు. కిందటేడాది ఒకాయన నాలుగో ఎందుకుకి మంచినీళ్ళు తాగొస్తానని వెళ్ళి నేరుగా ఇంటికి వెళ్ళిపోయాడని చెప్పుకుంటారు.

"సార్, ఒకసారి ఇంక్యుబేటర్ దగ్గరికి రండి," అన్నాను. "బాబాయ్ ఏదో చూపిస్తానంటున్నాడు."

బాబాయ్ అంటే మా అటెండర్. ముప్పై ఏళ్ళుగా ఈ ప్లేట్లన్నీ కడుగుతున్నది ఆయనే. ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంట్. ఆయనకు అంకెలు వెలిగే మిషన్ల మీద నమ్మకం లేదు. "అది తనకి తోచింది చెప్తుంది, నువ్వు రాసుకుంటావు," అంటాడు నాతో. ఆ రోజు పొద్దున్నే ఒక సీసాలో నీళ్ళు పోసి, అందులో పాతకాలం గాజు థర్మామీటర్ ఒకటి నిలబెట్టి, ఇంక్యుబేటర్ పై అరలో సరిగ్గా నా ప్లేట్లు పెట్టే చోట పెట్టాడు.

ముగ్గురం వెళ్ళాం. ఇంక్యుబేటర్ తలుపు మీద సార్ స్వహస్తాలతో రాసి అంటించిన కాగితం ఉంది: 'ఇందులో బ్యాక్టీరియా తప్ప మరేమీ పెట్టరాదు. పెట్టినవారిపై చర్య తీసుకోబడును.' ఎవరో లంచ్ బాక్సు వేడి చేసుకున్నప్పటి కాగితం అది. దాని పైన ఎర్ర అంకెల్లో ముప్పై ఏడు వెలుగుతోంది.

బాబాయ్ తలుపు తీసి సీసా సార్ ముక్కు కిందకి తెచ్చాడు. "ఇరవై ఎనిమిదిన్నర అండి."

"నీ థర్మామీటర్ పాడైపోయింది."

"నా చంకలో పెట్టుకు చూశానండి. అక్కడ బానే చెప్పింది."

నాకు నవ్వొచ్చింది గానీ మింగేశాను. కింద ముప్పై ఏడు, పైన ఇరవై ఎనిమిదిన్నర. అసలే ఆ గదిలో ఏసీ గడగడలాడిస్తుంది. కింద వేడెక్కిన గాలిని పై అరకు పంపాల్సింది వెనక గోడకున్న ఫ్యాన్. అది పని చేయకపోతే కిందున్న, వేడి కొలిచే మిషన్ కన్నుకు అంతా వెచ్చగానే ఉంటుంది, పైనున్న నా బ్యాక్టీరియా మాత్రం చలిలో కూర్చుంటుంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికంటా పెట్టి ఫ్యాను జాలీ తడిమాను. మెత్తగా తగిలింది. లాగాను.

సాక్సు. నల్లది. బొటనవేలి దగ్గర చిన్న చిల్లు. అప్పటికి బాగా ఆరిపోయి వెచ్చగా ఉంది.

నేను సాక్సు వైపు చూశాను, సార్ చెప్పుల్లోని పాదాల వైపు చూశాను, తలుపు మీది కాగితం వైపు చూశాను. బాబాయ్ మర్యాదస్థుడు, పైకప్పు వైపు చూశాడు.

"వానలు కదా," అన్నారు సార్, చాలా మెల్లగా.

పది రోజులు. పది రోజులుగా నేను తిండి మానేసి, నిద్ర మానేసి, నేనే ఎక్కడో తప్పు చేశానని ఏడ్చుకుంటూ తిరిగాను. నా బ్యాక్టీరియా మీద నాకే అనుమానం వచ్చింది. మా ఆయనతో రెండుసార్లు కారణం లేకుండా పోట్లాడాను. తీరా చూస్తే ఈ మహానుభావుడి సాక్సు. ఒళ్ళు మండిపోయింది. సాక్సు ఆయన చేతిలో పెట్టాను, ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. మనిషికి రెండు కాళ్ళుంటాయన్న సంగతి ఆ కంగారులో ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

"పోనీలే, మంచిదే అయింది," అన్నారు సార్, గదిలోకి తిరిగి వచ్చాక. ఆయన ముఖంలోకి రంగు మెల్లగా తిరిగొస్తోంది. "మిషన్ లోపం. ఆ మూడు ప్లేట్లూ లెక్కలోకి రావు. రేపు పాతవి చూపించు, చాలు."

నేనూ అదే అందామని నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. పొద్దున ఇంట్లో మావయ్య అన్న మాట గుర్తొచ్చింది.

మావయ్య అంటే మా ఆయన నాన్నగారు. ఎనిమిది నెలలుగా ఆయనకు ఆ మూత్రం గొట్టం ఉంది. నెల తిరక్కుండా జ్వరం వస్తుంది, మందు వాడితే పోతుంది, ఆపితే వస్తుంది. ఆయన చెడ్డ హాస్యగాడు. పొద్దున్నే నన్ను చూడగానే, "ఏమ్మా, నీ పురుగులకి డిగ్రీ ఎప్పుడిస్తున్నారు?" అంటారు. ఆ రోజు కూడా అని, గొట్టాన్ని కాలు మీదినుంచి పక్కకి జరుపుకుంటూ, "దీంతో చచ్చే చావుగా ఉంది, ఎప్పుడు తగిలినా చల్లగానే ఉంటుంది వెధవది," అన్నారు.

చల్లగా.

"సార్," అన్నాను, "మిషన్ తప్పు చేసింది నిజమే. బ్యాక్టీరియా తప్పు చేయలేదు. చల్లబడితే గోడ కట్టించే జన్యువు ఇంకోటి ఉన్నట్టుంది. వెచ్చగా ఉన్నంతసేపూ అది నోరు మూసుకుని కూర్చుంటుంది. ఇరవై ఎనిమిదికి దిగేసరికి లేచి పని మొదలుపెట్టింది. అది చలి మేస్త్రి."

"అయితే?"

"మనిషి ఒంట్లో ముప్పై ఏడు, సరే. కానీ గొట్టం సగం బయటే వేలాడుతుంది కదండీ. అక్కడ ఇరవై ఎనిమిదే ఉండొచ్చు. మనం పాత మేస్త్రి ఒక్కణ్ణే ఆపే మందు తెస్తే, లోపల గోడ పడిపోతుంది, బయట ఇంకొకడు కడుతూనే ఉంటాడు. జ్వరం మళ్ళీ వస్తుంది. మా మావయ్య గొట్టం చల్లగానే ఉంటుంది సార్."

"నువ్వు థీసిస్ రాస్తున్నది జన్యువు మీదా, మీ మావయ్య మీదా?"

నేను గోటి మీది ఊదా రంగు గీకుతూ నిలబడ్డాను.

"చూడమ్మాయ్, మేస్త్రిని తీసేస్తే చాలు అని నేను ఎన్ని ఊళ్ళలో ఉపన్యాసాలిచ్చానో నీకు తెలుసు. నువ్వే స్లైడ్లు చేశావు. రేపు నువ్వు లేచి, ఇంకో మేస్త్రి ఉన్నాడండీ అంటే ఆవిడ ఏమంటుంది? ఎందుకు అంటుంది. నీ దగ్గర మూడు ప్లేట్లూ ఒక సాక్సూ తప్ప ఏమున్నాయి? థీసిస్ వెనక్కి పంపుతుంది. పంపితే నీకు ఏడో ఏడు లేదు. డిగ్రీ చేతికొచ్చాక చలి మేస్త్రిని వెతుక్కో, నేనొద్దన్నానా?"

ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే వచ్చిన చిక్కు.

సార్ సొరుగు తీసి జిగురు సీసా బల్ల మీద పెట్టారు. మా నోట్‌బుక్కుల్లో ప్రతి పేజీకీ నంబరు అచ్చేసి ఉంటుంది, చింపితే తెలిసిపోతుంది. మూడు ప్లేట్ల వివరాలూ నూట పద్దెనిమిది, నూట పందొమ్మిది పేజీల్లో, ఎదురెదురుగా ఉన్నాయి. ఆ పొద్దున థర్మామీటర్ చూపించింది కూడా కింద రాసేశాను. "వానాకాలం. చెమ్మకి అతుక్కుపోయాయంటాం," అన్నారు ఆయన.

నేను పెద్ద ధీరురాలినని మీరు అనుకుంటున్నారేమో, పది వారాలుగా నా గురించి నేనే అలా రాసుకుంటున్నాను కాబట్టి. కాదు. నా సీటుకు వెళ్ళి, జిగురు రాసి, రెండు పేజీలూ అంచులు కలిపి నొక్కాను. ఆరేళ్ళుగా బ్యాక్టీరియా జిగురు కట్టకుండా ఆపడమే నా ఉద్యోగం. నా సొంత చేత్తో జిగురు పూసింది అదే మొదటిసారి. రేపు రాత్రి నాకు డిగ్రీ వచ్చిందని మావయ్యకు చెప్తాను, ఆయన పురుగులకి శుభాకాంక్షలు చెప్పమంటారు, ఇద్దరం నవ్వుతాం. ఆయన గొట్టం చల్లగానే ఉంటుంది. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు వరండాలో గొడుగు దులుపుతున్న చప్పుడైంది.

నెరిసిన జుట్టు, చిన్న మనిషి, తడిసిన గొడుగు, భుజాన బరువైన సంచి. "రేపటిదాకా ఊరికే కూర్చోవడం దేనికని ఇవాళే వచ్చాను," అన్నారావిడ, ఎవరినీ ఉద్దేశించకుండా. "ఈ ప్లేట్లు ఎక్కడ పెంచారో చూడాలి."

ఎందుకమ్మ.

సార్ గదిలోంచి చెప్పుల టపటపతో పరుగెత్తుకొచ్చారు. టీ తాగుదామన్నారు, లైబ్రరీ చూపిస్తానన్నారు, కొత్తగా కొన్న మైక్రోస్కోప్ గురించి ఎత్తుకున్నారు. ఆవిడ అన్నీ విని, "ఇంక్యుబేటర్," అన్నారు. నేను నోట్‌బుక్ చంకలో పెట్టుకుని వెనకే నడిచాను. బాబాయ్ తలుపు తీశాడు.

జాలీకి అడ్డం పోయింది కదా, ఇప్పుడు లోపల గాలి బ్రహ్మాండంగా ఆడుతోంది. వెనక కమ్మీకి చిక్కుకుపోయిన రెండో సాక్సు జెండాలా రెపరెపలాడుతోంది.

ఆవిడ కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇదేమిటి?"

"సాక్సండి," అన్నాడు బాబాయ్. ఆయనకు అబద్ధం అలవాటు లేదు.

"ఎందుకు?"

సార్ గొంతు సవరించుకున్నారు. నాకు ఒక్క క్షణం ఆయన మీద జాలేసింది. నిజం చెప్పేస్తారేమో అనుకున్నాను. పెద్ద తప్పేం కాదు, తడిసిన సాక్సు ఆరబెట్టుకున్నాడు మనిషి, నవ్వేసి ఊరుకోవచ్చు.

"మా అటెండర్ అండి," అన్నారు సార్. "రిటైర్మెంట్ దగ్గరపడింది. ఈ మధ్య ఎక్కడేం పెడతాడో తెలియడంలేదు."

బాబాయ్ సార్ వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు, నా చంకలోని నోట్‌బుక్ వైపు చూశాడు. రేపేమిటో ఆయనకు తెలుసు, ఏడో ఏడు లేదనీ తెలుసు. తల దించుకున్నాడు.

"పొరపాటైపోయిందండి."

ఆవిడ ఆయన పాదాల వైపు చూశారు. అరిగిపోయిన చెప్పులు, పగిలిన మడమలు. ముప్పై ఏళ్ళలో ఆ కాళ్ళకు బూటు ఎక్కడం నేను గానీ నాకు ముందున్నవాళ్ళు గానీ చూసింది లేదు.

"చెప్పులేసుకునే మనిషికి సాక్సులెందుకు?"

"చలికండి," అన్నాడు బాబాయ్, ఎక్కడలేని దిగులుతో.

ఆవిడ సంచిలోంచి చిన్న పుస్తకం తీశారు. "ఇలా జరిగినట్టు నేను పై ఆఫీసుకు రాయాలి. మీ పేరు, రిటైరయ్యే తేదీ చెప్పండి." బాబాయ్ చెప్పడం మొదలుపెట్టాడు.

ముప్పై ఏళ్ళు నాలాంటివాళ్ళ ప్లేట్లు కడిగినవాడు. నా మూడు ప్లేట్లు తప్పు కాదని అందరికంటే ముందు నమ్మింది ఆయనొక్కడే.

"మేడమ్," అన్నాను. "ఆ పేరు రాసేముందు నా నోట్‌బుక్‌లో నూట పద్దెనిమిదో పేజీ చూడండి."

"అది అతుక్కుపోయిందిగా అమ్మాయ్," అన్నారు సార్ వెంటనే. అనేశాక నాలుక కరుచుకున్నారు గానీ, మాట అప్పటికే బయటపడిపోయింది.

నోట్‌బుక్ ఇంకా నా చంకలోనే ఉంది. తెరవనైనా తెరవలేదు. ఆవిడ పెన్ను ఆపి, ముందు నోట్‌బుక్ వైపు, తరువాత సార్ వైపు, ఆ తరువాత ఆయన చెప్పుల వైపు చాలాసేపు చూశారు.

"ఎందుకు అతుక్కుపోయింది?" అన్నారు.

ఆవిడ స్టూలు ఒకటి లాక్కుని నా ఎదురుగా కూర్చుని, "సరే, విప్పు," అన్నారు.

నోట్‌బుక్ బల్ల మీద పెట్టి తెరిచాను. గట్టిపడ్డాక ఏ జిగురూ లొంగదని ఆరేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. ఇది ఇంకా ఆరలేదు. నూట పద్దెనిమిదికీ నూట పందొమ్మిదికీ మధ్య ఊదా రంగు గోరు దూర్చి, మెల్లగా లాగడం మొదలుపెట్టాను.